జ్ఞాపకార్థం గడి

మార్చి నెలాఖరున ఒక పొద్దున, చాయ్ తాగి, విరాళం ఇచ్చేసి, ఎండ ముదరకముందే ఇంటికి రావాలని దామోదర్ బయల్దేరాడు. నీటిపారుదల శాఖలో ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. రిటైర్మెంట్ సొమ్ము బ్యాంకులో వేస్తే వడ్డీ మీద పన్ను పడింది. "అండ్లకెల్లి యాభై వేలు దానం జేయుండ్రి సార్, పన్ను తగ్గుతది. రసీదుల మీ పేరు మాత్రం పక్కాగ ఉండాలె" అన్నాడు ఆడిటర్ నాగరాజు.

మహబూబ్‌నగర్ శివారులోని అంధబాలల హాస్టల్లో వార్డెన్ మంజులత చెక్కు తీసుకుని ఫారం ఇచ్చింది. దాత పేరు, పాన్ నంబరు, ఫొటో. చివర ‘ఎవరి జ్ఞాపకార్థం’ అని ఒక గడి. దామోదర్ తన సర్వీసులో ఏ గడినీ ఖాళీగా వదిలి ఎరగడు. పైగా ఇంకొకరి పేరు రాస్తే తగ్గింపు వాళ్లకు పోతుందేమోనని అనుమానం. అక్కడ కూడా గుండ్రటి అక్షరాలతో తన పేరే రాశాడు. మంజులత చదవకుండానే ఫారాన్ని ఫ్లెక్సీ షాపుకు పంపింది.

మూడో రోజు హాస్టల్ గేటుకు ఫ్లెక్సీ వెలిసింది. దామోదర్ ఫొటో, దానికో దండ, పక్కన దీపం. ‘కీర్తిశేషులు దామోదర్ గారి జ్ఞాపకార్థం నేటి భోజనం.’ ఎవరో ఫొటో తీసి చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టారు.

అప్పుడు దామోదర్ కూరగాయల మార్కెట్లో సొరకాయ బేరమాడుతున్నాడు. ఫోను ఇంట్లో చార్జింగులో ఉంది. "ఉన్నడే, మార్కెట్‌కు పోయిండే!" అని భార్య అంజమ్మ మొత్తుకుంటే, "పాపం, మనాదితోని మాట్లాడుతాంది" అంటూ ఇరుగుపొరుగు ఆమెను పట్టుకుని నీళ్లు తాగించారు.

దామోదర్ తిరిగొచ్చేసరికి ఇంటిముందు టెంటువాడు కుర్చీలు దించుతున్నాడు.

"ఎవలు పోయిండ్రు?"

"ఎవలో రిటైర్డ్ సారట."

లోపలికెళ్తే పక్కింటావిడ చేతిలో గ్లాసు జారిపడింది. అంజమ్మ తమ్ముడు బీరప్ప మక్తల్ నుంచి అప్పుడే వచ్చి గుండెలు బాదుకుంటున్నాడు. బావను చూసి గబుక్కున లేచి, చెయ్యి పట్టుకుని గిల్లి చూసి, వాటేసుకుని ఇంకా గట్టిగా ఏడ్చాడు. ఎవరో ఫోనులో ఫ్లెక్సీ చూపిస్తే, జ్ఞాపకార్థం గడిలో తన పేరే రాశానని దామోదర్ ఒప్పుకున్నాడు. బీరప్ప తేరుకున్నాక నడుముకు కట్టుకున్న గుడ్డమూట విప్పాడు.

"పోయిన నెల బోరుకని పైసలడిగితే చేతిల రూపాయి లేదంటివి గద బావా. మరి దినాల ఖర్చులకు అక్క ఎవల్నడుగుతదని, రెండు మ్యాకలమ్మి తెచ్చిన."

కుర్చీల చప్పుడు ఆగిపోయింది.

"మరి గా ఫారంల నీ పేరు నువ్వే ఎందుకు రాసినవయ్యా?" అంది అంజమ్మ.

"పన్ను... జర తగ్గుతదంటే..."

"నా తమ్మునికి లేని పైసలు దానానికి యాడికెల్లి వచ్చినయ్?"

దామోదర్ సొరకాయను ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. దండ పట్టుకుని వచ్చిన నాగరాజు మెల్లగా దగ్గాడు. "సార్, నిన్న మల్ల లెక్కేసిన. మీకు కొత్త పన్ను పద్ధతే లాభం. అండ్ల దానానికి తగ్గింపు రాదు. ఫోన్ జేస్తే మీరు ఎత్తలే."

"బీరప్పా, రేపు పొద్దుగాల్నే బ్యాంకుకు పోదాం" అన్నాడు దామోదర్, నేలచూపులు చూస్తూ.

బీరప్ప మూట మళ్లీ నడుముకు కట్టుకున్నాడు. "బతికున్నవ్, గది చాలు బావా."

చావు జరగని ఆ ఇంట్లో ఆ పూట అన్నం ముట్టనిది దామోదర్ ఒక్కడే.