బొటనవేలి మీద మా అపార్ట్‌మెంటు

“ఒసే అమ్మాయీ, ఇస్త్రీపెట్టె జాగ్రత్తే! చెయ్యి కాలిందంటే రేపు కత్తెర పట్టుకోలేవు. పట్టుకోలేకపోతే సెలూనావిడ ఇంకో పిల్లని పెట్టుకుంటుంది. ఆపైన నీ బతుకేం కావాలి?”

వంటగదిలోంచి నేనిలా కేకవేసేటప్పటికి ఏ ప్రమాదమూ జరగలేదు. మా అమ్మాయి మర్నాడు తొడుక్కోవాల్సిన తెల్లకోటు ఇస్త్రీ చేసుకుంటోంది. నా కేక విని “ఏంటమ్మా?” అంటూ తల తిప్పింది. వేళ్ళు పోయి పెట్టెకు తగిలాయి. ముందుచూపు గల తల్లి ఇంట్లో ఉంటే ప్రమాదాలు ఎంత నమ్మకంగా జరుగుతాయో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

పిల్ల ఏడాదిగా ఆ సెలూన్లో వెంట్రుకలు ఊడ్చింది, తలలు కడిగింది, తువ్వాళ్ళు ఆరేసింది. మర్నాడు మొట్టమొదటిసారి కస్టమరు జుట్టు కత్తిరించనిస్తానని యజమానురాలు మాటిచ్చింది. చెయ్యి బాగుంటే కిటికీ పక్క కుర్చీ ఇక తనదే. కాలింది సరిగ్గా ఆ కుడిచేతి బొటనవేలూ, చూపుడువేలి కొసా. చొక్కా గుండీ అంత ఎరుపు.

“కాసేపు కొళాయి కింద పెట్టుకుంటా” అని పిల్ల స్నానాలగది వైపు నడిచింది. చదువుకున్న పిల్లలకు తొందరెక్కువ. గుమ్మంలోనే మా అత్తగారు టూత్‌పేస్టుతో ఎదురయ్యారు.

“నీళ్ళు తగిలితే బొబ్బ లేస్తుందే, ఇలా పట్టు చెయ్యి! ఎలా ఉంది, చల్లగా లేదూ?”

“మండుతోంది నానమ్మా.”

“మండాలి. మండితేనే లోపలి వేడి లాగుతున్నట్టు.”

ఇక్కడ మా అపార్ట్‌మెంటు మర్యాద ఒకటి పాఠకులకు మనవి చేయాలి. ఒక ఇంటివారు రాసిన మందును కడిగేయకూడదు. కడిగితే ఆ ఇంటి పరువు కడిగేసినట్టే. ఆమధ్య మూడో అంతస్తాయన కాలు బెణికితే, పై వాటావారు ఆదరంగా కట్టిన కట్టును విప్పి స్నానం చేశాడు. ఈనాటికీ ఆ రెండు కుటుంబాలవారు లిఫ్టు దగ్గర ఎదురుపడితే ఒకరు మెట్లెక్కి పోతారు. అయితే ఒకరి మందు మీద ఇంకొకరి మందు రాయడానికి అభ్యంతరం లేదు. పైగా దాన్ని ఐకమత్యం అంటారు.

నా కళ్ళకు మాత్రం అప్పటికే ఆస్పత్రి మంచం, భుజం దాకా తీసేసిన చెయ్యి, ఎడమచేత్తో కత్తెర పట్టుకోవడం నేర్చుకుంటున్న నా బిడ్డ, అన్నీ కనిపిస్తున్నాయి. తలుపు తీసి, వరండాలో నిలబడి, “నా తల్లి చెయ్యి పోయిందమ్మో!” అన్నాను. అంతకు మించి ఒక్క మాట అనలేదు. మా భవనంలో అంతకు మించిన ఆహ్వానం అక్కర్లేదు.

ఎదురింటి పిన్నిగారు గిన్నెలో గుడ్డుసొనతో వచ్చి, పేస్టు చెక్కుచెదరకుండా దాని మీద అందంగా పూశారు. కింది వాటా బీమా ఏజెంటు సిరాసీసా తెచ్చాడు. కలంలో సిరా పోసి రాసేవాళ్ళు లేకపోయినా ఇలాంటి అవసరాలకని దాచి ఉంచాడట.

“చిన్నప్పుడు నాకు మా నాన్న ఇదే పూశాడండీ. ఏమైంది? బతికే ఉన్నాను కదా!”

బతకనివాళ్ళు వచ్చి సాక్ష్యం చెప్పే ఏర్పాటు ఇంకా లేదు కదా.

మా ఆయన వైద్యంలో చెయ్యి పెట్టే మనిషి కాదు. సోఫాలో కూర్చుని ఫోన్లో వెతికి, వేలు ఎర్రబడితే రాగల జబ్బులన్నీ పైకి చదివి వినిపించారు. “అమ్మడూ, నీకీమధ్య ఆకలి మందగించిందా?” అని మధ్యలో అడిగారు కూడా. పిల్ల జవాబివ్వకపోయేసరికి, “చిరాకు కూడా ఒక లక్షణమేనట” అన్నారు.

చివరగా మా అపార్ట్‌మెంటు సంఘాధ్యక్షుడుగారు మోకాళ్ళ నొప్పుల మందుతో వేంచేశారు. వారు కూర్చోకుండానే ప్రసంగించారు.

“సోదర సోదరీమణులారా! ఆస్పత్రులు ఎందుకు నిండుతున్నాయి? ఇరుగుపొరుగు లేక నిండుతున్నాయి! ఈ భవనంలో ఏ ఒక్క గాయమూ ఒంటరిగా మానదని అధ్యక్షుడి హోదాలో హామీ ఇస్తున్నాను.”

అందరూ చప్పట్లు కొట్టారు. మా అమ్మాయి ఒక్కతే కొట్టలేదు. దానికి చెయ్యి ఖాళీ లేదు.

ఆ మోకాళ్ళ మందు తగలగానే పిల్ల కుర్చీలోంచి ఎగిరి లేచింది. “చూశారా, అప్పుడే గుణం కనిపిస్తోంది!” అన్నారు పిన్నిగారు.

“అమ్మా, నీకు దణ్ణం పెడతా. ఒక్కసారి కడుక్కొస్తానమ్మా.”

గదిలో అందరూ నా మొహం చూశారు. పేస్టు మూత పెట్టబోతున్న అత్తగారి చెయ్యి అలాగే ఆగింది. అధ్యక్షుడుగారి కనుబొమలు పైకి లేచాయి. బిడ్డ చెయ్యి ఒకవైపు, ఇంతమంది పెద్దల మనసులు ఒకవైపు. రేపు మనకేదైనా ముంచుకొస్తే తలుపు తట్టాల్సింది ఎవరిది? వీళ్ళదే కదా! అలా దూరం ఆలోచించి, “ఓర్చుకో తల్లీ, పెద్దవాళ్ళు ఊరికే చెప్పరు” అన్నాను. గాలి సోకితే ఏమవుతుందోనని పాత శాలువా చింపి గట్టిగా కట్టు కట్టాను. కన్నతల్లి వాటా అంటూ ఒకటి ఉండాలిగా.

తెల్లారేసరికి బొటనవేలు వాచి కత్తెర పిడిలో దూరలేదు. పిల్ల నాలుగుసార్లు ప్రయత్నించింది. తర్వాత ఎడమచేత్తో సెలూనుకు ఫోను చేసింది. యజమానురాలు చాలా మంచిది. “అయ్యో పాపం, ఒళ్ళు జాగ్రత్తమ్మా” అని, ఆ పూటే కిటికీ పక్క కుర్చీ దగ్గర ఇంకో పిల్లని నిలబెట్టింది. తెల్లకోటు మాత్రం మడత నలగకుండా అలాగే ఉంది. చక్కగా ఇస్త్రీ అయింది.

అందరం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. అందరం అంటే అందరమే. వైద్యం చేసినవారు ఫలితం కళ్ళారా చూసుకోవద్దూ! డాక్టరమ్మ చిన్నది, మా అమ్మాయి కంటే నాలుగేళ్ళు పెద్దదేమో. తడిదూదితో పని మొదలుపెట్టింది. శాలువా ముక్క వచ్చింది. మోకాళ్ళ మందు వచ్చింది. సిరా నీలం వచ్చింది, ఎండిన సొన పెచ్చులుగా వచ్చింది. ఏ పొర ఊడుతుంటే ఆ పొర తాలూకువారు అడుగు ముందుకు వేసి నిలబడ్డారు. అట్టడుగున పేస్టు బయటపడ్డప్పుడు మా అత్తగారు, “అది నాదమ్మా, అన్నిటికంటే ముందు పడింది” అని చెప్పుకున్నారు.

పేస్టు కింద బొబ్బలు చితికి, పైతోలు లేచిపోయి ఉంది.

“రెండు వారాలు కత్తెర ముట్టుకోవద్దు” అంది డాక్టరమ్మ. పిల్ల తల ఊపింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. “వేడి తగిలిన వెంటనే కొళాయి కింద ఇరవై నిమిషాలు పెట్టి ఉంటే ఇవాళ పనికి వెళ్ళేదానివేమో. అంత చిన్న గాయం ఇది.” డాక్టరమ్మ మా వైపు తిరిగింది. “మీలో ఒక్కరైనా నీళ్ళ కింద పెట్టనిచ్చారా?”

మా ఆయన ఫోను జేబులో పెట్టుకున్నారు. బీమా ఏజెంటు గోడమీది పళ్ళసెట్టు బొమ్మను శ్రద్ధగా చూశాడు. పిన్నిగారు కొంగు సర్దుకుని, మళ్ళీ సర్దుకున్నారు. మా అమ్మాయి వాళ్ళెవరినీ చూడలేదు. నన్ను చూసింది. నేను గచ్చు చూశాను. బయట వరుసలో ఎవరో దగ్గారు. లోపలున్న మాకెవరికీ ఆ దగ్గుకు మందు చెప్పాలని కూడా తోచలేదు.

చివరికి అధ్యక్షుడుగారు నోరు విప్పారు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది.

“నీళ్ళతోనే తగ్గిపోయేట్టయితే, ఇంక మేమంతా ఎందుకమ్మా?”