మంగళం గారి ‘బోరు’ కచ్చేరి

వీధికొక సమకాలీన గిటారిస్టును ప్రభుత్వమే నియమించాలి. పెన్షను కూడా ఇవ్వాలి!

నవ్వకండి. వీధికి దీపం ఇచ్చారు, కుళాయి ఇచ్చారు, స్పీడ్ బ్రేకరు కూడా ఇచ్చారు. ఎవరికీ అర్థం కాని సంగీతం ఒకటి ఇస్తే ఖజానాకు చిల్లు పడుతుందా? దాని వల్ల జనానికి ఎంత మేలో తెలియాలంటే పుదుచ్చేరిలో నెల్లితోపుకు వెళ్ళి, కె. మంగళం గారి ఇల్లు ఎక్కడని అడగండి. అడ్రసు చెప్పేవాళ్ళు ముందు చెవులు మూసుకుంటారు, తర్వాత దారి చూపిస్తారు.

మంగళం క్లాసికల్ గిటారిస్టు. భర్త శివలింగం టౌన్ బస్సు కండక్టరు. వాళ్ళు ఇంట్లో మాట్లాడేది తెలుగు, వీధిలో మాట్లాడేది తమిళం. గిటారు మీద ఆవిడ మాట్లాడేది ఏ భాషో మాత్రం ఇరుగుపొరుగు ఇంతవరకూ తేల్చలేదు.

మొదట్లో ఆవిడా అందరిలాగే బుద్ధిగా ఉండేది. సముద్రం ఒడ్డున ఒక హోటల్లో సాయంత్రాలు స్పెయిన్ దేశపు పాత బాణీలు తీయగా వాయించేది. తినేవాళ్ళు తినేవాళ్ళు, మాట్లాడేవాళ్ళు మాట్లాడేవాళ్ళు. ఆరేళ్ళు అలాగే గడిచాయి. ఒకరోజు ఆవిడ కళ్ళు మూసుకుని ఒక బాణీలో మునిగి ఉండగా, ఎవరో పెద్దమనిషి వచ్చి ఆవిడ ఒళ్ళో ఉన్న గిటారు మీద తన కూలింగ్ గ్లాసెస్ పెట్టి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడు.

పాపం, ఆయన తప్పేముంది? బల్ల అనుకున్నాడు.

మంగళం ఆ అద్దాలు తీసి పక్కన పెట్టింది, బాణీ పూర్తి చేసింది, ఇంటికొచ్చి ఉద్యోగం మానేసింది. ఇకమీదట బతికున్నవాళ్ళు రాసిన కొత్త సంగీతం తప్ప వాయించనని భర్తతో చెప్పింది.

“బతికున్నోళ్ళు రాసిందే వాయించు, ఎవురు వద్దన్నారు?” అన్నాడు శివలింగం. “వినేవాళ్ళు గూడా బతికుండాల గదా, అది చూసుకో.”

ఆ రోజు నుంచి నెల్లితోపుకు మంచిరోజులు మొదలయ్యాయి. ఈ కొత్త సంగీతంలో గిటారు చెక్కను పిడికిలితో కొట్టాలి. తీగను గోటితో గీకాలి. ఒకచోట చెంచాతో రుద్దాలి. ఫలితాలు చూడండి! నెల రోజులుందామని కడలూరు నుంచి పెట్టెతో దిగిన శివలింగం పిన్నమ్మ రెండో రోజు ఉదయమే బస్సెక్కింది. వాటర్ ఫిల్టర్లు అమ్మే కుర్రాళ్ళు ఆ వీధినే తమ మ్యాపులోంచి తీసేశారు. ఎదురింటి దీక్షిత కిటికీలన్నీ బిగించుకుని కూర్చుని, వేరే పని లేక చదివి, బ్యాంకు పరీక్ష పాసైంది. ఒక్క కోచింగ్ సెంటరైనా ఇంత మేలు చేసిందా?

అన్నిటికన్నా గొప్ప లాభం, మంగళాన్ని పుట్టినరోజు ఫంక్షన్లకు పిలవడం ఊరంతా మానేసింది. ఏ కళాకారుడికి దక్కుతుందండీ ఇంత ప్రశాంతత?

ఆ ప్రశాంతతే ఆవిడను లోపల్లోపల తినేసింది. కచ్చేరి పెడితే పదకొండు మంది వచ్చేవాళ్ళు, ఏడుగురు మిగిలేవాళ్ళు. ఆ ఏడుగురిలో ఒకడు హాలు తాళాలు వెయ్యాల్సినవాడు.

మానకుండా వినే మనిషి ఒక్కతే. కురుచికుప్పం నుంచి చేపల గంపతో వచ్చే రాజాత్తి. గంప దించి మెట్ల మీద కూర్చునేది, కాళ్ళు చాపుకునేది, వినేది.

“ఏందక్కా ఇది, దీంట్లో పాట యాడుండాది?” అని మొదటిరోజే అడిగింది.

“పాట లేదు రాజాత్తీ. శబ్దం ఉంది. విను.”

“అట్లనా? సరి, వాయించు. పాట లేకుంటే ఏం, బాగానే పోరు పెడతాండాది.”

మంగళం కొత్త సంగీతానికి దక్కిన మొదటి సమీక్ష అది.

కొత్త సంగీతం వాయించాలంటే రాసేవాళ్ళు కావాలి. కిరుమాంబాక్కంలో కేశవన్ అని ఒకాయన ఉన్నాడు. కాలిపోయిన మోటార్లకు వైరు చుట్టే షాపు ఆయనది. మోటారు మూలుగు విని జబ్బు చెప్పగలడు. మిగిలిన సమయంలో సంగీతం రాస్తాడు. మంగళం కోసం ప్రత్యేకంగా పన్నెండు నిమిషాల రచన ఒకటి రాశాడు. దాని పేరు ‘బోరు’.

బోరు అంటే నీళ్ళ కోసం తవ్వే బోరు. పల్లెలో ఒక ఎండాకాలం బోరు వేస్తున్నారు. రాయి తగులుతుంది, యంత్రం ఆగుతుంది, ఊరంతా గొయ్యి చుట్టూ నిలబడి ఊపిరి బిగబట్టి చూస్తుంది. గిటారులో అక్కడ నలభై సెకన్లు ఏమీ వాయించకూడదు. తర్వాత అడుగు తీగను బాగా వదులు చేసి మీటితే గుబగుబమని నీళ్ళొస్తాయి. అంతే. పేరు విన్నవాళ్ళు మాత్రం, “కనీసం నిజం చెప్పి వాయిస్తోంది” అన్నారు.

ఆ ఏడాది ఊళ్ళోని ఒక సంగీత సభ ఉత్సవంలో మంగళానికి అరగంట దొరికింది. ఆరేళ్ళుగా అప్లికేషన్లు పెడితే దొరికిన అరగంట. సభ సెక్రటరీ వీరరాఘవన్ బజారులో పాత్రల షాపు ఓనరు. మనిషి మంచివాడే, షరతు మాత్రం పెట్టాడు.

“ఇదో చూడమ్మా, నీ బోరు వాయించుకో, నేను వద్దనలేదు. చివర్న మాత్రం జనానికి తెలిసిన సినిమా పాట ఒకటి వాయించాల. లేకుంటే వచ్చే వర్షం నిన్ను పిలిచేదానికి కమిటీ ఒప్పుకోదు.”

ఆయన వర్షం అన్నది వానను కాదు, సంవత్సరాన్ని. అరవంలో అంతే. మంగళానికి మాత్రం ఆ మాట పిడుగులాగే పడింది. రెండు రోజులు అన్నం సయించలేదు.

“ఒక్క పాటే గదా,” అన్నాడు శివలింగం. “నేను రోజుకు నాలుగు నూర్ల మందికి ‘లోపలికి జరగండి’ అని చెప్తా. అది నేను ఇష్టపడి చెప్తాండానా?”

ఒప్పుకుంది.

ఆ సాయంత్రం హాలు కిక్కిరిసింది! మంగళం కోసం కాదు లెండి. ఆవిడ తర్వాత పిల్లల డాన్సులు. ముందు వరుసలో సీట్లు పట్టుకోవాలని తల్లిదండ్రులు గంట ముందే వచ్చి కర్చీఫులు వేసుకున్నారు. ఆ కర్చీఫుల మధ్య రాజాత్తి ఒక కుర్చీ పట్టుకుని గట్టిగా కూర్చుంది. పక్కన కేశవన్, గోళ్ళలో ఇంకా గ్రీజుతో.

మంగళం మొదలుపెట్టింది. గీకింది, కొట్టింది. జనం శ్రుతి చేసుకుంటోంది అనుకున్నారు. నాలుగు నిమిషాల తర్వాత ఎవరో జాలిపడి, శ్రుతి కుదిరిందన్నట్టు చప్పట్లు కొట్టారు. ఆవిడ ఆగలేదు. నలభై సెకన్ల మౌనం వచ్చింది. చేతులు గాలిలో నిలిపింది.

పది సెకన్లు గడిచాయో లేదో, సౌండ్ సర్వీసు పాండియన్ స్టేజి మీదికి పరిగెత్తుకొచ్చాడు. “అలో, అలో, మైక్ టెస్టింగ్! అక్కా, భయపడొద్దు, వైరు లూజు!” అని మైకును నాలుగు దెబ్బలు కొట్టాడు. హాలు ఘొల్లుమంది.

మంగళం చెవులు ఎర్రబడ్డాయి. లేచి వెళ్ళిపోవచ్చు. కానీ ఆవిడ మైకు తనవైపు లాక్కుంది.

“వైరు బాగానే ఉంది తమ్ముడూ. బోరుకు రాయి తగిలింది. నీళ్ళొస్తాయో రావో అని అందరూ చూస్తా ఉండారు. మీరూ చూడండి. మళ్ళీ మొదట్నించి వాయిస్తా.”

మళ్ళీ మొదట్నించా! హాలు మూలిగింది. కానీ ఈసారి అందరికీ ఒక పని దొరికింది. రాయి ఎప్పుడు తగులుతుందా అని కాసుకుని కూర్చున్నారు. గీకుతుంటే, “తవ్వుతా ఉండారు” అని ఒకావిడ పక్కావిడకు చెప్పింది. కొడుతుంటే ఇంకొకాయన తలాడించాడు. మౌనం వచ్చింది. “ష్!” అని ఒకరినొకరు అదిలించుకున్నారు. ఫోను మోగిన పెద్దమనిషి దాన్ని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు. మూడు వందల మంది, పైన ఫ్యాన్లు, అంతే. పాండియన్ కూడా మైకు స్టాండు పట్టుకుని ఊపిరి బిగబట్టాడు.

గుబగుబమని తీగ మోగింది.

“వచ్చేసినాయి!” అని అరిచింది రాజాత్తి.

హాలంతా చప్పట్లు. కేశవన్ ముఖం తుడుచుకున్నాడు. గ్రీజు బుగ్గకంటింది.

ఇక షరతు ప్రకారం సినిమా పాట. మంగళం మొదటి వరుస మీటగానే హాలు ఊగిపోయింది. రెండో వరుసకల్లా అందరూ పాడుతున్నారు. ఫోన్లు లేచాయి, లైట్లు వెలిగాయి, కొందరు తమ ముఖాలే వీడియో తీసుకుంటున్నారు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఆ పాట ఏ సినిమాలోదో తగవు పెట్టుకున్నారు. మంగళానికి తన గిటారు తనకే వినపడలేదు. ఒక చరణం అయ్యాక ఊరికే ఒకసారి చెయ్యి తీసి చూసింది.

పాట ఆగలేదు.

రెండో చెయ్యీ తీసేసింది. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మిగిలిన రెండు చరణాలూ జనమే పాడుకుని, జనమే ముగించి, లేచి నిలబడి మంగళానికి చప్పట్లు కొట్టారు.

చూశారా పాఠకులారా! తెలియని సంగీతాన్ని జనం వినరని మనం ఏడుస్తుంటాం. తెలిసినదాన్ని వింటున్నారని ఎవరు చెప్పారు మనకు?

వీరరాఘవన్ శాలువా కప్పుతూ కళ్ళు ఒత్తుకున్నాడు. “ఆ కడపటి చరణం వాయించినావే అమ్మా, ప్రాణం పోయింది! వచ్చే వర్షం నీకు గంటసేపు. అన్నీ ఇట్లాంటి పాటలే ఉండాల.”

వెనక నుంచి రాజాత్తి వచ్చి మంగళం చెయ్యి పట్టుకుంది. “అక్కా, చెయ్యి నొచ్చిందా? సగం పాటలోనే ఆపేసినావే?”

మంగళం ఆ చేతిని వెంటనే వదల్లేదు. తర్వాత వీరరాఘవన్ వైపు తిరిగి, “సరి సార్. గంటలో ఆరు సినిమా పాటలు పెట్టుకోండి. మధ్యలో ఇరవై నిమిషాలు మాత్రం నాది,” అంది.

“ఆరు పాటలా! సాధన చేసేదానికి టయం చాలునా అమ్మా?”

“వాటికి సాధన ఎందుకు సార్,” అంది మంగళం ఎంతో వినయంగా. “జనం బాగా చేసుకొని ఉండారు.”

ఇరవై నిమిషాల కొత్త రచన కేశవన్ అప్పుడే మొదలుపెట్టేశాడు. ఇందులో మౌనం రెండు నిమిషాలట.