ముందుగా జీజీ

మా క్రీడాశాఖ మంత్రిగారు పోయిన నెల మూడో తారీఖున ఒక చారిత్రక ప్రకటన చేశారు. "వంద రోజుల్లో వీడియో గేముల్లో ప్రపంచ చాంపియన్‌ని తయారుచేసి తీరుతాం. ఇది మాట కాదు, శపథం!" అన్నారు. చప్పట్లు మారుమోగాయి. ప్రెస్‌నోట్‌లో నేను ముందే 'చప్పట్లు మారుమోగాయి' అని రాసి పంచేశాను కాబట్టి వాటికి మారుమోగక తప్పలేదు.

నేను ఆ శాఖలో ప్రెస్‌నోట్లు రాసే ఉద్యోగిని. పదకొండేళ్ళలో ముగ్గురు మంత్రుల్ని దార్శనికుల్ని చేశాను. ఇప్పుడున్నాయన నాలుగోవారు. ఈయన దూరదృష్టి ఎంతటిదంటే దగ్గరున్నదేదీ ఆయనకి కనపడదు.

శపథానికి కారణం చిన్నదే. కేబినెట్ మీటింగులో పెద్దాయన, అంటే ముఖ్యమంత్రిగారు, బల్ల కింద ఫోను పెట్టుకుని తనలో తాను నవ్వుకోవడం మా మంత్రిగారి కంటపడింది. తొంగి చూస్తే బొమ్మ కోటలు, బొమ్మ సైనికులు. ఆరా తీయిస్తే తేలిందేమిటంటే, పెద్దాయన ఎనిమిదేళ్ళుగా ఆ ఆటలో ఒక్క టోర్నమెంటూ వదలకుండా చూస్తున్నారట. అదే వారం మంత్రివర్గంలో మార్పులుంటాయని పుకారు లేచింది. మర్నాటికల్లా మా మంత్రిగారికి వీడియో గేముల మీద చిన్నప్పటి నుంచీ ఉన్న మక్కువ పుట్టుకొచ్చింది.

ఆట సంగతి తెలియనివారికి రెండు ముక్కల్లో చెబుతాను. ఇద్దరు ఎదురెదురుగా కంప్యూటర్ల ముందు కూర్చుంటారు. చెరో ఖాళీ నేల ఇస్తారు. అందులో ఊరు కట్టాలి, సైన్యం పెంచాలి, అవతలివాళ్ళ కోట పడగొట్టాలి. మా మంత్రిగారు ఇరవై ఏళ్ళుగా రాజకీయాల్లో చేస్తున్నదీ ఇదే. కాకపోతే ఆటలో ఊరు నిజంగా కట్టాలి.

నిపుణుల అభిప్రాయాలు సేకరించమని ఆయన తన బావమరిదిని పురమాయించారు. బావమరిదిగారు శాఖకి ప్రత్యేక సలహాదారు. ఆ పదవికి ఆయనకున్న అర్హత మంత్రిగారి భార్యకి బాగా తెలుసు. మా బిల్డింగులో నిపుణులు ఇద్దరే. ఒకడు లిఫ్ట్‌మాన్, రెండోవాడు మంత్రిగారి డ్రైవరు. ఇద్దరూ రోజూ మధ్యాహ్నం కాంటీన్‌లో మూల బల్ల దగ్గర చేరి ఈ ఆట గురించే కొట్టుకుంటారు. మంచి మ్యాచి నడుస్తుంటే లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య 'సాంకేతిక కారణాల వల్ల' ఆగిపోతుంది. సలహాదారుగారు నోట్‌బుక్కు తెరిచి వాళ్ళ పక్కన కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. ఈ ఆటలో ఆటగాళ్ళందరికీ మారుపేర్లే.

"ఈసారి ప్రపంచ టోర్నమెంటుకి నత్త వెళ్తుంది, రాసి పెట్టుకో," అన్నాడు లిఫ్ట్‌మాన్.

"ఎక్కడికి వెళ్ళేది?" అన్నాడు డ్రైవరు. "పిడుగు నాలుగో నిమిషంలో గుర్రాలతో మీద పడతాడు. నీ నత్త అప్పటికి ఇంకా ఇటుకలు పేర్చుకుంటూ ఉంటుంది."

"పేర్చనీ. ఆ గోడ లేచిందంటే పిడుగు కాదు కదా, వాడి తాత దిగొచ్చినా దూరలేడు. పోయినసారి చూశావుగా? యాభై రెండు నిమిషాలు గోడ వెనకాల కిక్కురుమనకుండా కూచుంది. తర్వాత ఒక్కసారి ఏనుగుల్ని వదిలింది. నువ్వు ఆ రోజు అన్నం కూడా తినలేదు."

"ఏనుగులా!" అన్నారు సలహాదారుగారు. "అటవీశాఖ పర్మిషను ఉందా?"

ఇద్దరూ ఆయన్ని ఒకసారి చూసి, మళ్ళీ ఆటలోకి వెళ్ళిపోయారు.

"నేను కాదనట్లేదు బావా," అన్నాడు డ్రైవరు గొంతు తగ్గించి. "తెలివిలో నత్తని మించినవాళ్ళు లేరు. కానీ యాభై రెండు నిమిషాలు ఆ చెయ్యి తట్టుకోవద్దూ?"

లిఫ్ట్‌మాన్ గ్లాసులో నీళ్ళు అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు.

నత్త అనేది ఎవరో కాదు, మా ఆఫీసులోనే రెండో అంతస్తులో తపాలా సెక్షను కంప్యూటర్ ఆపరేటరు. వచ్చిన ప్రతి ఉత్తరానికీ నంబరు వేసి కంప్యూటర్లో ఎక్కించడం ఆవిడ పని. వయసు ముప్ఫై నాలుగు. పొద్దున ఆఫీసుకి ముందు రెండు గంటలు, సాయంత్రం వంటకి ముందు రెండు గంటలు, పదేళ్ళుగా సాధన చేస్తోంది. ఆ పదేళ్ళకి గుర్తుగా కుడి మణికట్టులో నరం నలిగిపోయింది. "ఈ ఒక్క ఏడాదీ ఆడుకో. తర్వాత మౌసు ముట్టుకోకు. చెయ్యి ముఖ్యమో ఆట ముఖ్యమో నువ్వే తేల్చుకో," అన్నాడట డాక్టరు. ఎంపిక టోర్నమెంటులో గెలిచిన ఒక్కరికే ప్రపంచ పోటీల్లో చోటు. అంటే ఇన్నేళ్ళ కష్టానికి మిగిలింది ఈ ఒక్క అవకాశమే.

చాంపియన్ తన శాఖలోనే దొరికిందని తెలిసి మంత్రిగారు పొంగిపోయారు. "మన శాఖే ఆవిణ్ణి తీర్చిదిద్దింది!" అన్నారు. నిజమే. ఆవిడ సెలవు దరఖాస్తుల్ని ఏడుసార్లు తిప్పికొట్టి మరీ తీర్చిదిద్దాం.

చాంబర్లోకి పిలిపించి, "అమ్మా, ఏం కావాలో కోరుకో, సంకోచించకు," అన్నారు.

"పది రోజులు సెలవు ఇప్పించండి సార్. చేతికి రెస్టు కావాలన్నారు."

"సెలవా! చాంపియన్‌కి సెలవేమిటమ్మా? నీకు కోచ్‌ని ఇస్తున్నాను." బావమరిదిని చూపించారు. "పది రోజులూ పది సన్మానాలు."

సలహాదారుగారికి ఫోనులో పేకాడిన అనుభవం ఉంది. కోచ్‌గా ఆయన మొదటి సూచన, "మౌసు ఇంకాస్త గట్టిగా పట్టుకోమ్మా." సన్మానాలు మాత్రం దివ్యంగా జరిగాయి. ఆవిడ చేతులు జోడిస్తే ఫొటో బాగా రావట్లేదని ఫొటోగ్రాఫరు ప్రతి ప్రముఖుడితోనూ కరచాలనం చేయించాడు. పది రోజుల్లో మూడు వందల మంది ప్రముఖులు ఆ కుడిచేతిని ప్రేమగా నలిపారు. మూడోరోజు నుంచి ఆవిడ నవ్వుతూ పళ్ళు బిగపట్టేది. 'చాంపియన్ ముఖంలో పట్టుదల' అని ఫొటో కింద నేను రాశాను.

అయినా ఆవిడ ఫైనల్‌కి చేరింది. సెమీఫైనల్లో గోడ కట్టి నలభై ఒక్క నిమిషాలు కూర్చుంది. ఆ నలభై ఒక్క నిమిషాలూ లిఫ్టులో ఇద్దరు డిప్యూటీ డైరెక్టర్లు ఇరుక్కుపోయారు.

ఫైనల్‌కి రెండు రోజుల ముందు మంత్రిగారు చాంబర్లో పాత మ్యాచి ఒకటి చూశారు. మ్యాచి చివర తెర మీద రెండు ఇంగ్లీషు అక్షరాలు, రెండు జీలు, పడగానే హాలంతా లేచి నిలబడి అరిచింది. మంత్రిగారి కళ్ళు మెరిశాయి.

"ఏమిటా జీజీ?"

నేను చెప్పబోయాను. బావమరిది అందుకున్నారు.

"తెలియట్లేదా బావగారూ? గౌరవనీయ మంత్రిగారు! గౌరవనీయలో మొదటి జీ, గారులో రెండో జీ. మధ్యలో మంత్రి సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి వదిలేశారు."

మంత్రిగారు కండువా సర్దుకున్నారు. ప్రపంచమంతటా ఆటగాళ్ళు ఇన్నేళ్ళుగా తనని తలుచుకుంటున్నారని ఆయనకి అప్పటిదాకా తెలియదు.

నేను ధైర్యమంతా కూడగట్టుకుని దగ్గాను. "సార్, అది గుడ్ గేమ్, అంటే మంచి ఆట అని మర్యాదకి కొట్టేది. ఇక ఓడిపోయామని తెలిసినవాళ్ళు చివర్లో ముందుగా కొడతారు. కొట్టినవాళ్ళు ఓటమి ఒప్పుకున్నట్టు. గెలిచినవాళ్ళు తిరిగి జీజీ అంటారు. అక్కడితో ఆట సరి. రూల్సు పుస్తకంలో కూడా..."

"మర్యాద చివర్లో చేసేదేమిటయ్యా?" అన్నారు మంత్రిగారు. "పెళ్ళయ్యాక శుభలేఖలు పంచుతామా? మర్యాద ముందు! ఫైనల్లో ముందుగా జీజీ. అదీ నా చేతుల మీదుగా. సర్క్యులర్ రాయి."

రాశాను. నాకు ఇద్దరు పిల్లలు, రిటైర్‌మెంటుకి ఇంకా తొమ్మిదేళ్ళుంది. సర్క్యులర్‌కి తపాలా సెక్షన్‌లో నంబరు వేసింది నత్తే. చదివి, నా వైపు చూసి, "ఇది ఎవరైనా ఆపుతారు కదండీ?" అంది. "తప్పకుండా ఆపుతారమ్మా," అన్నాను. ఆ ఎవరైనా నేను కాదని మా ఇద్దరికీ తెలుసు.

ఫైనల్ పొద్దున పదకొండింటికి. మంత్రిగారు సరిగ్గా ఒంటిగంటా పదిహేను నిమిషాలకే వచ్చేశారు. అప్పటిదాకా నత్త వాళ్ళమ్మ ముందు వరసలో కూర్చుని, కూతురి మణికట్టుకి వేడినీళ్ళ సంచీతో కాపడం పెడుతూనే ఉంది. సంచీ మూడుసార్లు చల్లారితే మూడుసార్లూ లిఫ్ట్‌మాన్ కాంటీన్‌కి పరుగెత్తి వేడినీళ్ళు తెచ్చాడు. ఎదురుగా పిడుగు. కళ్ళజోళ్ళ షాపు నడుపుకునే నెమ్మదైన మనిషి. "అక్కా, చెయ్యి ఎలా ఉంది? కావాలంటే ఇంకో అరగంట ఆగుదాం," అన్నాడు. నత్త తల అడ్డంగా ఊపి, "ఇవాళ గోడ లేస్తుంది చూడు," అని నవ్వింది. ఆ నవ్వు చూసి డ్రైవరు కూడా మెత్తబడ్డాడు. "పిడుగు గెలవాలనే ఉంది కానీ, గెలిస్తే నాకు నిద్రపట్టదు," అన్నాడు.

ఇక ఆలస్యం కుదరదని రిఫరీ గడియారం నొక్కాడు. తెర మీద రెండు ఖాళీ నేలలు వచ్చాయి. నత్త మౌసు మీద చెయ్యి వేసింది. సరిగ్గా అప్పుడే మంత్రిగారు వేదికెక్కి, "లేమ్మా, ప్రారంభోత్సవం," అని ఆవిణ్ణి లేపి ఆ కుర్చీలో కూర్చున్నారు.

"సార్, మ్యాచి మొదలైపోయింది. అది చివర్లో..."

"చివర్లో కాదమ్మా, మర్యాద ముందు. ఒరేయ్, జీ ఎక్కడుంది?"

"ఎఫ్ పక్కన బావగారూ."

వెనక వరసలోంచి డ్రైవరు, పిడుగు అభిమాని అయ్యుండీ, "సార్! వద్దు సార్!" అని గొంతు చించుకుని అరిచాడు. మంత్రిగారు అభిమానంగా అతనికి చెయ్యి ఊపి, చూపుడువేలితో ఒక జీ, ఇంకో జీ కొట్టి, ఎంటర్ నొక్కారు.

తెర నల్లబడింది. 'ఓటమి అంగీకరించబడినది' అని అక్షరాలు వచ్చాయి. పైనుంచి రంగు కాగితాలు రాలాయి. ఆ మిషను ఎవరు గెలిచారో చూడదు, ఆట ముగిస్తే చాలు. మంత్రిగారు రెండు చేతులూ పైకెత్తి నాలుగు దిక్కులకీ తిరిగారు.

"నేను ఒప్పుకోను, మళ్ళీ ఆడించండి," అన్నాడు పిడుగు లేచి నిలబడి. రిఫరీ రూల్సు పుస్తకం తెరిచి, ఒక పేజీ మీద వేలుపెట్టి చూపించాడు. పిడుగు కూర్చుండిపోయాడు. తిరిగి జీజీ కొట్టలేదు. నత్త వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళి, "ఇంక చాలమ్మా, తీసెయ్," అని మణికట్టు మీది సంచీ తడి తుడుచుకుంది. ఆ తల్లి ముఖం చూడలేక నేను ప్రెస్‌నోట్ రాసుకోవడానికి పక్క గదిలోకి వెళ్ళిపోయాను.

'ప్రపంచ చరిత్రలోనే అతి తక్కువ సమయంలో ముగిసిన ఫైనల్! మంత్రిగారి చేతుల మీదుగా తొమ్మిది సెకన్ల రికార్డు!' పదకొండేళ్ళ ఉద్యోగంలో నేను రాసిన మొదటి నిజం అదే.

సోమవారం మధ్యాహ్నం మూడింటికి పెద్దాయన నుంచి మంత్రిగారి ఆఫీసు కంప్యూటర్‌కి సందేశం వచ్చింది. 'ఫైనల్ చూశాను. మంత్రివర్గంలో కొనసాగే ఉద్దేశం ఉందో లేదో నాలుగింటిలోగా జవాబివ్వండి.'

"చూశారట! పెద్దాయన చూశారట!" మంత్రిగారు కుర్చీలోంచి లేచారు. "ఉద్దేశం ఉందా అని ఎంత మర్యాదగా అడిగారో చూడు! మనమూ అంతే మర్యాదగా ఇవ్వాలి. టైపు ఎవరు చేస్తారు?"

చాంబర్ ఆపరేటరు సెలవు. ఆవిడకి సెలవు దొరికింది. తపాలా సెక్షనుకి కబురు వెళ్ళింది. నత్త వచ్చింది. కుడిచెయ్యి వేళ్ళ దాకా కట్టు కట్టి ఉంది. ఎడమచేత్తో కుర్చీ లాక్కుని కూర్చుంది.

"రాయమ్మా. ముందుగా జీజీ. తర్వాత కొత్త లైను..."

"ముందుగా జీజీనా సార్?"

"ముందుగానే."

"పెద్దాయనకే కదా సార్?"

"మరెవరికి?"

"ఖాయమేనా సార్?"

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా! మర్యాద ముందు!"

ఆవిడ నా వైపు చూసింది. నేను దగ్గలేదు. జీ అక్షరం ఎడమచేతి వేలికి అందేచోటే ఉంటుంది. రెండుసార్లు నొక్కి, ఎంటర్ కొట్టింది. ఆ కంప్యూటర్లో ఎంటర్ కొడితే కొత్త లైను రాదు, సందేశం వెళ్ళిపోతుంది.

"రాశావా? ఇప్పుడిలా రాయి, తమరి ఆశీస్సులతో మరో ఇరవై ఏళ్ళు ఈ శాఖకి..."

కంప్యూటర్ టింగుమంది. అప్పుడే పెద్దాయన జవాబు. రెండే అక్షరాలు. జీజీ.

మంత్రిగారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చదివారు. "గౌరవనీయ మంత్రిగారు అన్నారోయ్! పెద్దాయనంతటివారు నన్ను గౌరవనీయ మంత్రిగారు అన్నారు!" బావమరిది బావగారిని కావలించుకున్నారు. "దీన్ని ఫ్రేము కట్టించు. ప్రెస్‌నోట్ రాయి," అని నాకు పురమాయించారు మంత్రిగారు.

నత్త లేచి, కుర్చీ బల్ల కిందికి నెట్టి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయింది. కారిడార్లో లిఫ్టు ఆవిడ కోసం తలుపు తెరుచుకుని ఆగి ఉంది.

నాలుగు కొట్టేసరికి స్క్రూడ్రైవరు పట్టుకుని వడ్రంగి వచ్చాడు. చాంబర్ బయట మంత్రిగారి పేరుబోర్డు దగ్గర నిలబడి, తలుపు మీద మర్యాదగా తట్టాడు.

"బోర్డు కోసమేనా? సరిగ్గా సమయానికి వచ్చావు," అన్నారు మంత్రిగారు లోపలి నుంచి. "పేరుకి ముందు జీజీ అని కూడా ఉండాలి."

"చిత్తం సార్," అని వడ్రంగి మొదటి స్క్రూ తిప్పడం మొదలుపెట్టాడు.