కోయని పేజీలు

ఆదివారం పొద్దున కొండల్‌రావు వేసుకున్న పథకం చిన్నది. తిమోతి వస్తాడు. పారిస్‌లో వందేళ్ల కిందట చెక్క దిమ్మెలతో బొమ్మలు అచ్చువేసిన పుస్తకాన్ని అద్దాల అల్మారా బయటినుంచే చూస్తాడు, నోరు మూసుకుని పోతాడు. ఫ్రెంచి పాఠాలు చెప్పి రిటైరైన ఆ తిమోతి, పోయిన నెల కరీంనగర్‌లో నలుగురి ముందు "కొండల్‌రావు సార్ పుస్తకాలు కొంటరు గని చూడరు" అన్నాడు. ఆ మాట ఆయనకు ఇంకా మండుతూనే ఉంది. నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం తలుపు గడియపెట్టుకుని ఆ బొమ్మలే చూస్తున్న మనిషిని పట్టుకుని అనే మాటేనా అది?

ఆయన మిఠాయికి బజారు పోగానే, భార్య సరళాదేవి పుస్తకం దుమ్ము తుడుద్దామని బయటికి తీసింది. పేజీలు అంచుల దగ్గర జంటలు జంటలుగా కలిసే ఉన్నాయి. ప్రెస్సువాళ్లు కోయడం మరిచిపోయారనుకుంది. వచ్చినాయన ముందు ఇంటి పరువు పోతుందని కూరగాయల కత్తి తెచ్చి అన్నిటినీ శుభ్రంగా కోసింది.

తిరిగొచ్చిన కొండల్‌రావు పెట్టిన కేక వీధి చివరిదాకా వినిపించింది.

"కోసింది. కత్తితోని కోసింది. నా పానం దీసింది."

పక్కింటి మమతారాణి అంతవరకే విని అంబులెన్సుకు ఫోన్ చేసింది. ఆమె భర్త పోలీసులకు చేశాడు. తిమోతి గేటు దగ్గరికి వచ్చేసరికి స్ట్రెచర్ ఇంట్లోకి పోతున్నది.

"దెబ్బ ఎవరికి తాకిందమ్మా?" కానిస్టేబుల్ అడిగాడు.

"పుస్తకానికి," అన్నది సరళాదేవి.

స్ట్రెచర్ పట్టుకున్న ఇద్దరూ నవ్వారు. కొండల్‌రావు వాళ్ల మీదికి లేచాడు.

"ఏం నవ్వుతున్రు? గప్పట్ల ఫ్రెంచోళ్లు కాయితాలు మడిచే కుట్టేది. కొన్నోడు కోసుకోవాలె. కోయకుంట ఉంటెనే దానికి ఇలువ. వందేండ్ల సంది ఒక్కడు కత్తి పెట్టలే. ఈమె పెట్టింది. తిమోతి సార్, మీరే చెప్పున్రి."

తిమోతి పుస్తకం అందుకుని నెమ్మదిగా తిప్పాడు. "మంచి పుస్తకం సార్. అట్ట మీది బొమ్మ తప్ప తక్కినయన్నీ మడతల లోపట్నే ఉన్నయి. కోస్తె గని కనవడయి."

కత్తి ఇంకా సరళాదేవి చేతిలోనే ఉంది.

"అయితె నాలుగేండ్ల సంది తలుపేసుకొని మీరు చూసిందేంది?" అన్నది. ఇప్పుడు కోపం ఆమెది. "కొండగట్టు గుడికి పోదామంటె బొమ్మలు చూస్తున్న అంటిరి. మా అక్క ఇంటికొస్తె సప్పుడు చెయ్యొద్దంటిరి. ఏం బొమ్మలు చూసిన్రు?"

పుస్తకాల గది తలుపు బార్లా తెరిచే ఉంది. లోపల దివాను, దాని మీద రెండు దిండ్లు, తలవైపు కూలరు అందరికీ కనిపించాయి.

"నేనన్నది గదే సార్," అన్నాడు తిమోతి.

ఆ మధ్యాహ్నం సరళాదేవి వెనక కొండగట్టు మెట్లెక్కుతూ కొండల్‌రావు ఆవలిస్తూనే ఉన్నాడు.