గడప దాటని ప్రకృతి పాఠం

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లం: బీరువా పక్కన తప్ప సిగ్నల్ రాదు కాబట్టి ఫోన్ పట్టుకుని స్టాండులా నిలబడ్డ నాన్న, వంటింట్లో అమ్మ, వరండాలో నానమ్మ, నేను. ఫోన్‌లో మా సైన్సు మేడం, ఆవిడ వెనకాల ఒక జలపాతం, రెండు జింకలు. గుమ్మం పైన వెంటిలేటర్‌లో ఒక పిచ్చుక, దాని ఆఖరి పిల్ల కూడా ఉన్నాయి గానీ, వాటిని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. అవి సిలబస్‌లో లేవు.

ప్రకృతిని చూడాలంటే బయటికి వెళ్లాలని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. పాపం, పాతకాలం మనుషులు!

మా బడికీ మొన్నటిదాకా ఆ చాదస్తం ఉండేది. ప్రకృతి పాఠమంటే బస్సెక్కి అడవి అంచుకి వెళ్లడమే. సీట్లు తక్కువ కాబట్టి ముందు చెయ్యెత్తినవాళ్లకే ప్రకృతి. ఎత్తుదామా, వద్దా అని నేను తేల్చుకునేలోపు బస్సు మలుపు తిరిగిపోయేది. ఇది అన్యాయమని హెడ్మాస్టరుగారికి తోచింది. ఇకమీదట ప్రకృతి అందరికీ అని చెప్పి, బస్సు మానిపించారు. ఇప్పుడు పాఠం ఫోన్‌లోనే, ఎవరూ వెళ్లరు. ఇంతకు మించిన సమానత్వం ఎక్కడైనా చూశారా?

లాభాలు ఒకటా, రెండా? కాళ్లకి బురదంటదు. తేనెటీగ కుట్టదు. పులి మీదికొస్తే నాన్న ఫోన్ అటు తిప్పేస్తారు. మొన్న ఒక ఏనుగు నోరు తెరిచిందో లేదో నెట్ ఆగింది. మళ్లీ వచ్చేదాకా అది నోరు మూయలేదు. మేం తీరిగ్గా దాని బొమ్మ గీసుకున్నాం. అడవిలో ఏ ఏనుగు ఇంత సహకరిస్తుంది?

నియమం ఒక్కటే. మొహం తెర మీద కనబడాలి. లేకపోతే హాజరు పోతుంది. హాజరు పోతే పరీక్షకి కూర్చోనివ్వరు.

ఆ రోజు పాఠం, పక్షిపిల్ల మొదటిసారి ఎగరడం. మేడం వీడియో పెట్టారు. తెర మీద చక్రం తిరగడం మొదలైంది, తిరుగుతూనే ఉంది.

సరిగ్గా అప్పుడే వెంటిలేటర్ దగ్గర కిచకిచలు ఎక్కువయ్యాయి. మొదటి గడ్డిపోచ తెచ్చిన రోజు నుంచి నేను కనిపెట్టుకుని ఉన్న గూడు అది. తోడబుట్టినవి పొద్దున్నే ఎగిరిపోయాయని నానమ్మ చెప్పింది. అప్పుడు నేను కెమెరా కోసం తల దువ్వుకుంటున్నాను. మిగిలిన ఈ ఒక్కటీ గూటి అంచున కూర్చుని, ఎగురుదామా, వద్దా అని తేల్చుకోలేకపోతోంది. దాని బాధ నాకు తెలుసు.

"ఇటు రావే, ఎగిరేట్టుంది," అని నానమ్మ పిలిచింది.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి క్లాసులో చెయ్యెత్తాను. "మేడం, మా గుమ్మం మీద పిచ్చుకపిల్ల..."

"డౌట్లు చివర్లోనమ్మా. ముందు వీడియో చూడండి."

చక్రం తిరుగుతోంది. లేచి గుమ్మం దాకా వెళ్లాను. ఎదురుగా కరెంటు తీగ మీంచి తల్లి పిచ్చుక పిలుస్తోంది. పిల్ల రెక్కలు విప్పింది.

వెనక నుంచి అమ్మ వచ్చి భుజం పట్టుకుంది. "మొహం కనబడట్లేదంటున్నారు మీ మేడం. ఎక్కడికే?"

లోపలికి లాగి, పైకి చూసి విసుక్కుంది. "ఈ పిచ్చుకల గోలలో పక్షుల పాఠం ఏం వినబడుతుంది నీకు?"

తలుపు మూసేసింది.