సుజికి నోరొచ్చిన రోజు

ఆ శనివారం పొద్దున్నే వరదానం గెడ్డం గీసుకుని, కూతురు సుజిని ఇంట్లోనే ఉంచి, దాన్ని చేతుల బడి మానిపించి రావడానికి బయల్దేరాడు. సుజికి పుట్టు చెవుడు. ఆ బడిలో సైగల్లోనూ, పుస్తకాల తెలుగులోనూ, రెండింటా పాఠాలు చెబుతారు. చేతులకి మాటలు అలవాటైతే నోరు ఇక రానే రాదని వరదానం భయం.

కొడుకు మలుపు తిరగ్గానే వరదానం తల్లి లూర్దు మేరీ పెరట్లోకి పోయి బట్టలుతికే రాయి మీద చతికిలబడింది. వేలిముద్రతోనే ఇంత వయసు నెట్టుకొచ్చిన మనిషి, కొడుక్కి తెలీకుండా మనవరాలి దగ్గర చదువు నేర్చుకుంటోంది. సుజి పుస్తకంలో మాట చూపించి చేత్తో సైగ చేస్తుంది. ఆ సైగ చూసి మామ్మ మాట పైకి అంటుంది. "ఆవు... గడ్డి... తింది." ఇదే ఆఖరి పాఠమేమోనన్న దిగులుతో ఆవిడ గొంతు చిన్నపిల్ల గొంతులా సన్నగా వచ్చింది.

గోడవతల అంట్లు తోముతున్న బుల్లమ్మ తలెత్తింది. కనిపించింది నిలబడ్డ సుజి తలకాయ ఒక్కటే.

"ఓలమ్మో! గుంటకి నోరొచ్చీసింది!"

అంట్లు అంట్లుగానే వదిలేసి పరిగెత్తింది. పాస్టరుగారికి చెప్పింది. కాయిన్ బాక్స్ ఫోనులో ఎస్. రాయవరం చుట్టాలకి చెప్పింది. బస్సు కోసం నిలబడ్డ వరదానాన్ని రెక్క పట్టుకుని వెనక్కి లాక్కొచ్చింది. చూస్తూ చూస్తూ ఉండగానే వాకిలి నిండిపోయింది. పాస్టరుగారు ప్రార్థన అందుకున్నారు. పక్కింటి పైడిరాజు ఇదంతా తన మొక్కు ఫలమేనంటూ కొబ్బరికాయ పట్టుకొచ్చాడు. చుట్టాలు ఆటోల్లో దిగారు.

"సదువమ్మా సుజీ! ఒక్క ముక్క సదువు!"

అన్ని నోళ్లూ ఒక్కసారే ఆడుతుంటే పిల్ల బిక్కచచ్చిపోయింది. వరదానం కళ్లు తుడుచుకున్నాడు. "నోరొచ్చీసింది కదా, ఇంకా బడెందుకు? ఇప్పుడే ఎల్లి మానిపించేత్తాను!"

తన సిగ్గు పోతే పోయింది, పిల్ల చదువు పోకూడదనుకుంది మేరీ.

"సదివింది అది కాదురా. నానే."

జనం గొల్లుమన్నారు. "వేలిముద్ర పిన్నికి సదువేటి!" అంటూ పైడిరాజు కొబ్బరికాయ చుట్టిన పేపరు ఊడదీసి చేతిలో పెట్టాడు.

మేరీ పేపరుని దగ్గరగానూ, దూరంగానూ పట్టి చూసింది. అప్పుడు సుజి వచ్చి ఒక మాట మీద వేలు పెట్టింది. రెండు చేతులూ పైకెత్తి, వేళ్లు ఆడిస్తూ మెల్లగా కిందికి దించింది.

"వాన," అంది మేరీ. వేలు వెనక్కి జరిగింది. చేతులు మళ్లీ ఆడాయి. "రేపు... పెద్ద... వాన."

పాస్టరుగారి ప్రార్థన సగంలో ఆగిపోయింది. "ఏటీ సోద్దెం!" అని ఎవరో గుసగుసలాడారు. చోద్యం కాక మరేమిటి! మాట వినపడని పిల్ల, మాటని కాగితం మీద నుంచి తీసి మామ్మ నోట్లో పెడుతోంది.

వరదానం కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. తనకీ నేర్పమని ఎలా అడగాలో తెలీక చేతులు రెండూ చాపాడు.

బడి మానిపించే మాట మళ్లీ ఎత్తలేదు; మర్నాటి నుంచి అతనూ ఆ రాయి పక్కనే పాఠానికి కూర్చుంటున్నాడు. అతని వేళ్లు ఎంతకీ తిరగవు; సుజి వాలకం చూస్తే, త్వరలో అతన్నే బడి మానిపించేలా ఉంది.