ఎల్లో కింద ఎవరూ లేరు

హైదరాబాదు సంస్థానంలో పోలీసు చర్య జరిగిన ఆరు నెలలకు, సికింద్రాబాదులోని గుణ నిర్ధారణ శాఖవారు రంగులకు అర్థాలు ఖరారు చేసినట్లు ఇందుమూలముగా తెలియజేయడమైనది. అంతకు ముందు ఎరుపు ఎరుపుగానూ, పసుపు పసుపుగానూ ఉండేవి. ప్రజలు వాటితోనే ఎలాగో కాలక్షేపం చేసేవారు.

ఈ సంస్కరణకు మూలపురుషుడు సూపరింటెండెంటు బ్రహ్మచారి గారు. ముప్పై ఏళ్లు ఉర్దూలో ఫైళ్లు నడిపిన చేయి ఆయనది. ఇకమీదట అంతా ఇంగ్లీషులోనే ఉండాలనీ, సర్కారీ నౌకర్లతో మొదలుపెట్టి ఊళ్లో ప్రతి మనిషి నడవడి మీదా ఒక పేజీ నివేదిక రాయాలనీ పైనుంచి హుకుం వచ్చింది. బ్రహ్మచారి గారికి తప్పు లేకుండా రాయవచ్చిన ఇంగ్లీషు మాటలు ఆరు. ఆరూ రంగులే, మనవరాలి వాచకంలోవి. కనుక మనిషికొక రంగు చాలునని తీర్మానించారు. పైవారు ఆయన క్లుప్తతను మెచ్చుకున్నారు.

అర్థాలు సమకూర్చే గౌరవం బన్సీలాల్‌పేట్‌లో కాపురముంటున్న మిషన్ బడి ఇంగ్లీషు మాస్టారు జీవరాజు గారికి దక్కింది. గుంటూరు నుంచి వచ్చిన మనిషి, హెడ్మాస్టరు పదవి కోసం ఎదురుచూస్తున్న మనిషి. "రంగంటే బట్టకు వేసేదనుకుంటాం మనం. ఇంగ్లీషువాడు మనిషికి వేస్తాడండీ. అదీ భాషంటే," అని ఆఫీసులో ఉపన్యసించారు.

రెడ్ అంటే కమ్యూనిస్టు. పింక్ అంటే కమ్యూనిస్టు పక్కన నిలబడినవాడు. గ్రీన్ అంటే లోకం తెలియనివాడు. ఎల్లో అంటే పిరికివాడు. బ్లాక్ అంటే జైలుకు పోవలసినవాడు. వైట్ అంటే మచ్చలేనివాడు. ఇలా నోటుబుక్కులో రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చారు. మొదటి వైట్ మాస్టారికే రాశారు. తక్కిన వైట్లు సెప్టెంబరు పదిహేడు దాకా నల్ల షేర్వానీలో తిరిగి, పద్దెనిమిది ఉదయానికి తెల్ల ఖద్దరు టోపీలో కనబడినవారికి దక్కాయి. అంత వేగంగా మారేవారి మీద మచ్చ మాత్రం ఎలా నిలుస్తుంది?

మాస్టారి పక్కింటి పర్వతాలు నీళ్ల ఆఫీసులో చప్రాసీ. మాస్టారి భార్య రోసమ్మ టైఫాయిడుతో పడుకున్నప్పుడు నెల రోజులు మెట్లబావి నుంచి వాళ్లింటికి నీళ్లు మోసినవాడు. ఉగాదికి అతని భార్య విమలమ్మ అందరిలాగే గోడలకు ఎర్రమన్ను పూసింది. విచారణకు వచ్చిన జవాను ఆ గోడను చూసి "రెడ్" అని రాసుకుపోయాడు. అది పండగ పూత అని అతనికి తెలియక కాదు, అతనింటికీ అదే పూత. మనిషిని విచారించాలంటే రెండు రోజులు పడుతుంది. గోడకైతే రెండు నిమిషాలు చాలు.

నెలాఖరులోగా ఆ మాట మారకపోతే పర్వతాలు నౌకరీ పోతుంది. విమలమ్మ మాస్టారి గడప ముందుకు వచ్చింది.

"సారూ, రంగులకు మతలబు రాసిచ్చింది మీరేనట గద. మా ఆయన ఎసొంటోడో మీకెరుకే. జెర ఆఫీసుకు పోయి ఒక్క మాట చెప్పున్రి."

మాస్టారు తెల్ల కోటు వేసుకుని వెళ్లారు. వచ్చిన పని ఊహించి, బ్రహ్మచారి గారు కుర్చీ వేయించి, టీ తెప్పించారు.

"చెప్పున్రి సార్, రాసుకుంట. రెడ్ పక్కన నిలబడ్డోనికి ఏం రంగు వెయ్యాల్నో మీ నోటుబుక్కులనే ఉన్నది. మీ దస్కత్ సుత ఉన్నది."

మాస్టారు కప్పు అందుకున్నారు. "ఈసారి ఎండలు ముందే ముదిరాయండీ," అన్నారు. టీ తాగి వచ్చేశారు.

ఇంకేం చేయాలో తోచక విమలమ్మ తానే గోడ గీకి సున్నం కొట్టింది. మళ్లీ వచ్చిన జవాను తడి గోడను వేలితో ముట్టి చూసి, సాక్ష్యం చెరిపేసినట్లు నమోదు చేశాడు. పర్వతాలు బ్లాకులోకి మారాడు. మర్నాడే జీపు వచ్చి అతన్ని తీసుకుపోయింది. ఆ వారంలోనే బన్సీలాల్‌పేట్ అంతా సున్నం కొట్టుకుంది. పేట ఇంత శుభ్రంగా ఎన్నడూ లేదని బ్రహ్మచారి గారు ఒక సభలో హర్షం వెలిబుచ్చారు.

విమలమ్మ నీళ్లకు ఎప్పటిలాగే మాస్టారి గడప ముందు నుంచే నడిచేది. రోసమ్మకే సిగ్గేసి, బావికి చుట్టుదారిన పోయేది.

సంవత్సరాంతపు నివేదికలో ఎల్లో కింద ఒక్క పేరూ లేదు. సికింద్రాబాదులో పిరికివాడన్నవాడే లేడని పైవారు సంతోషించి శాఖను అభినందించారు. వైట్ కింద మాత్రం పేజీలు చాలక అదనంగా కాగితాలు కుట్టవలసివచ్చింది. మొదటి పేరు హెడ్మాస్టరు జీవరాజు గారిది. ఆ తరువాత పర్వతాలును ఎరిగిన పేటవాళ్లందరివీ ఉన్నాయి. చివర్న ఇంకా కొంత చోటుంది. మీ పేరూ నా పేరూ అక్కడే పడతాయి, బెంగపెట్టుకోకండి.